పాలపన్ను

పిట్టగోడ మీద చీమలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

డిటెక్టివ్ వంగి చూసింది. చీమలు బారులు తీరి వస్తాయి, తీపి దొరికిన చోట గుంపు కడతాయి. ఇవి మాత్రం అరచేతిలో పట్టేంత వలయం కట్టి, దాని అంచు వెంటే తిరుగుతున్నాయి. వలయం లోపల ఖాళీ. ఆమె వేలితో గీరి వాసన చూసింది. పాలు. ఎండి అట్టకట్టిన పాలు, వాటిలో కలిపిన ఏదో పొడి తీపి.

"నీ ఉడుంపట్టు చీమల మీద కూడానా?" అన్నాడు వెనకనుంచి కత్తెర.

ఆమె తల తిప్పలేదు. పోలీసు శాఖలో పనిచేసిన రోజుల్లో ఆయన ఆమెకు పై అధికారి. చేతికొచ్చిన కేసుని ఎవరికి కావలసిన కొలతకు వాళ్ళకి కత్తిరించి ఇస్తాడని, అందరూ ఆయన్ని చాటుగా కత్తెర అనేవాళ్ళు. పట్టింది వదలదని ఆమెని ఉడుం అనేవాళ్ళు, చాటుగా కాదు, మొహం మీదే. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటోంది. ఆయన రిటైరై గెంతో కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసరయ్యాడు. పాలలో కలుపుకుని తాగే గెంతో పొడి తెలియని పిల్లలు లేరు. కార్టూన్ల మధ్య విరామం వస్తే చాలు, ఆ ప్రకటనే.

మొన్న సాయంత్రం మేడ మీది ఈ పిట్టగోడ మీంచే ఆరేళ్ళ పిల్ల కిందికి దూకింది. కింద స్కూటర్లకని కట్టిన టార్పాలిన్ పందిరి మీద పడి, అది చిరిగి, నేల మీద పడింది. తొడ ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. ఒక్క చోట నిలబడదని ఇంట్లో అందరూ ఆ పిల్లని బొంగరం అంటారు. ఆ బొంగరం ఇప్పుడు కాలికి బరువు వేలాడదీసుకుని ఆసుపత్రిలో కదలకుండా పడుకుని ఉంది.

తల్లి స్కూలు వ్యాన్ నడుపుతుంది. తండ్రి ఓడలో వంటవాడు, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ మీదే. గెంతో ప్రకటన చూసే తన కూతురు దూకిందని తల్లి పత్రికల వాళ్ళకి చెప్పింది. ప్రకటనలో ఒక కుర్రాడు గెంతో పాలు తాగి, ఖాళీ గ్లాసుని గోడ మీద బోర్లించి, రెండు చేతులూ చాచి ఎత్తు నుంచి దూకుతాడు, నవ్వుతూ నేల మీద దిగుతాడు. కంపెనీ వాళ్ళు మర్నాడే తమ మాట చెప్పారు. తల్లి కొట్టిందనీ, ఆ దెబ్బకి పన్ను రాలిందనీ, భయంతో పిల్ల మేడ ఎక్కి దూకిందనీ. కిందినించి ఎత్తినప్పుడు బొంగరం గుప్పిట్లో పన్ను ఉంది మరి. ఆ పన్ను ఫొటో కత్తెర దగ్గర ఉంది. తల్లికి అత్తగారైన ముసలావిడ వాంగ్మూలం కూడా ఉంది. డిటెక్టివ్‌ని పిలిపించుకున్నది తల్లి.

ఈ సాయంత్రం బాలల సంరక్షణ అధికారులు ఆసుపత్రికి వస్తారు. కత్తెర చెప్పింది నిజమని వాళ్ళకి తోస్తే పిల్లని తల్లి దగ్గర ఉంచరు. పిల్లని కొట్టే మనిషి చేతికి నలుగురి పిల్లల వ్యాన్ ఎవరూ ఇవ్వరు.

"సార్, ఇక్కడ ఒక గ్లాసు ఉండాలి," అంది డిటెక్టివ్.

"ఏ గ్లాసు?"

"బోర్లించిన గ్లాసు. నిలబెట్టిన గ్లాసయితే ఇలా మరక పడదు. అంచుకి అంటిన పాలు దిగి, అంచు ఎంత ఉందో అంత గీత పడింది. మీ ప్రకటనలో కుర్రాడు చేసినట్టే పిల్ల కూడా చేసింది. ఆ గ్లాసు ఎవరో తీసేశారు."

"నేను తీశానని చీమలు చెప్పాయా?"

"చీమలకి జీతం ఇచ్చేవాళ్ళు లేరు సార్. అవి ఉన్నదే చెప్తాయి."

కత్తెర మీసాల కింద నవ్వాడు. కోపం వచ్చినా నవ్వడం ఆయనకి పాత అలవాటు. ఆయన పిట్టగోడ దగ్గరికి వచ్చి, బూటు మొనతో కింద ఉన్న ప్లాస్టిక్ కుర్చీని ఒకసారి కదిపాడు. పిల్ల గోడ ఎక్కింది దాని మీంచే.

"సరే, గ్లాసు ఉందనే అనుకుందాం. పాలు తాగింది, బోర్లించింది. మరి పన్ను సంగతేమిటి? ఆ ప్రకటన నువ్వు ఎన్నిసార్లయినా చూడు. అందులో ఎవరైనా పన్ను చేత్తో పట్టుకుని దూకారా? ఆటకి దూకే పిల్ల రాలిన పన్ను పట్టుకుని ఎందుకు దూకుతుంది? దెబ్బ తిన్న పిల్ల అయితే పట్టుకుంటుంది. ఏడుస్తూ పట్టుకుంటుంది."

డిటెక్టివ్ మళ్ళీ చీమల వలయం వైపు చూసింది. ఆయనకి అది చాలింది. మెట్లు దిగుతూ, ముసలావిడతో మాట్లాడుకోమనీ, ఆవిడ చెప్పింది తను కత్తిరించలేదనీ అన్నాడు.

*

నాయనమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. డిటెక్టివ్‌ని చూడగానే ఆవిడ, తను చెప్పవలసింది ఆ మీసాలాయనకి చెప్పేశాననీ, ఇక తన నోట్లో నోరు పెట్టవద్దనీ అంది.

డిటెక్టివ్ కూర్చోలేదు. అసలు ఉదయం నుంచీ ఎక్కడా కూర్చోలేదు. వంటింటి గుమ్మం నుంచి ముందుగదికి, ముందుగది నుంచి గుమ్మానికి తిరుగుతూనే అడిగింది. ఆ సాయంత్రం ఆవిడ ఎక్కడ ఉంది? ఇక్కడే, పొయ్యి దగ్గర. కోడలు? ముందుగదిలో. పిల్ల? టీవీ ముందు. ఏం విన్నది? పిల్ల గెంతో డబ్బా కావాలని మారాం చేసింది. కోడలు గసిరింది. తర్వాత ఒక దెబ్బ చప్పుడు. ఆ తర్వాత పిల్ల మెట్ల మీద పరిగెత్తిన చప్పుడు.

"దెబ్బ పడిన తర్వాత పిల్ల ఏడ్చిందా అమ్మా?"

ముసలావిడ ఆలోచించింది. ఏడవలేదని ఒప్పుకుంది.

"మీ మనవరాలు దెబ్బ తిని ఏడవకుండా ఊరుకునే రకమా?"

"అది దెబ్బ పడకముందే ఏడుస్తుంది. వీధంతా వినిపించేలా ఏడుస్తుంది."

"మరి అది చెంపదెబ్బ అని మీకెలా తెలిసింది?"

ముసలావిడ చీర చెంగు నలుపుకుంది. ఆ మీసాలాయన చెంపదెబ్బేనా అని అడిగాడట. అయ్యుండొచ్చు అందట. అయ్యుండొచ్చు అనే మాట కాగితం మీద ఎక్కలేదు. అవును అని ఎక్కింది. చదివి వినిపించమంటే తన కళ్ళజోడు తేలేదని చెప్పి, చదవకుండానే సంతకం పెట్టించుకున్నాడట.

డిటెక్టివ్ ఆవిణ్ణి కదలవద్దని చెప్పి ముందుగదిలోకి వెళ్ళింది. అక్కడ గోడ అలమారాలో పై అరలో ఖాళీ గెంతో డబ్బాలు వరసగా ఉన్నాయి, వాటి మూతల మీద దూకే కుర్రాడి బొమ్మ. ఆమె అలమారా తలుపు పట్టుకుని ఒక్క విసురు విసిరి మూసింది. చెక్కకి చెక్క తగిలి ఠపీమంది.

వంటింట్లోంచి ముసలావిడ లేచి వచ్చేసింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అదే," అంది. "ఆ చప్పుడే."

తన కోడలికి నోరే గానీ చెయ్యి లేదని, ఈ మాట కావాలంటే ఎక్కడికైనా వచ్చి చెబుతాననీ అంది. వ్యాన్ నడిపే ఆడది వద్దని పెళ్ళినాడు తనే అడ్డం పడ్డాననీ, ఆ కడుపుమంటే ఆ రోజు తన నాలుక మీద కూర్చుందేమోననీ గొణుక్కుంది. డిటెక్టివ్ ఆవిడ చెయ్యి ఒకసారి నొక్కి బయటపడింది.

*

దంతవైద్యురాలి దగ్గర పని త్వరగానే తేలింది. పిల్లని చేర్చుకున్న రోజున నర్సు పన్నుని దూదిలో చుట్టి తల్లికి ఇచ్చేసింది. తల్లి డిటెక్టివ్‌కి ఇచ్చింది. వైద్యురాలు దాన్ని దీపం కింద పెట్టి, పటకారుతో అటూ ఇటూ దొర్లించింది.

"దీనికి వేరు లేదండీ. కొట్టి రాలగొట్టిన పాలపన్నయితే వేరుతో ఊడి వస్తుంది, చిగురు చీరుకుపోతుంది. దీని వేరుని కింద నుంచి వచ్చే కొత్త పన్ను తినేసింది. తనంతట తనే ఊడింది. అదీ ఆ రోజున కాదు, కొన్నాళ్ళ కిందటే."

ఆ మాటే రాసి సంతకం చేసి ఇమ్మంటే ఇచ్చింది. డిటెక్టివ్ వీధిలోకి వచ్చి నిలబడింది. చెంపదెబ్బ లేదు. దెబ్బకి రాలిన పన్నూ లేదు. కత్తెర కట్టిన కేసు రెండు కాళ్ళూ విరిగి కింద పడ్డట్టే. అయినా ఆమెకి మనసు నిలవలేదు. ఎప్పుడో ఊడిన పన్నుని దాచుకుని, దూకబోయే ముందు గుప్పిట్లో పెట్టుకోవడమేమిటి? అధికారులు అదే అడుగుతారు. జవాబు లేకపోతే కత్తెర ఆ ఖాళీలో ఇంకో కథ కూరుస్తాడు. కథలు కూర్చడంలో ఆయన దిట్ట.

బస్సు కోసం ఆగలేక ఆమె నడిచింది. నడక సగంలో పరుగైంది.

*

పిల్లల వార్డు గోడకి టీవీ బిగించి ఉంది. అది ఆగదు. టీవీ ఆపితే ఒక్క పిల్లా సూది వేయించుకోదని నర్సు చెప్పింది. వార్డుకి వార్డంతా తలలు ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఖర్చు అంతా కంపెనీయే పెట్టుకుని, మానవత్వం పేరు చెప్పి, బొంగరాన్ని ఈ పెద్ద ఆసుపత్రికి మార్పించింది. తల్లికి ఇష్టం లేదు గానీ, విరిగిన కాలు ముందు పంతం ఏం నిలుస్తుంది?

తల్లి మంచం పక్కన నిలబడి ఉంది. వ్యాన్ తాళాలు చేతిలో తిప్పుతూనే ఉంది. ఈ రెండు రోజుల్లో ఆమె నడిపే వ్యాన్ లోంచి సగం మంది పిల్లలు మానేశారు. ముసలావిడ మాట మార్చుకుందని డిటెక్టివ్ చెప్పింది. తాళాల చప్పుడు ఆగింది.

డిటెక్టివ్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ రోజుకి ఆమె కూర్చోవడం అదే మొదలు.

"పన్ను ఎందుకు పట్టుకెళ్ళావు తల్లీ?"

బొంగరం నోరు గట్టిగా మూసుకుంది. పై వరసలో ముందుపన్ను లేదు. తల్లి వైపు ఒకసారి చూసింది.

"అమ్మ కోప్పడుతుంది."

"కోప్పడదు. నేను ఉన్నాగా."

"బళ్ళో అందరూ నన్ను తొర్రి అంటున్నారు. ఆ అన్నయ్య కూడా తొర్రే. గోడ మీద ఉన్నప్పుడు తొర్రే. దూకి కింద నుంచునేసరికి పన్ను వచ్చేస్తుంది."

"ఏ అన్నయ్య?"

"గెంతో అన్నయ్య." ఇంత పెద్దవాళ్ళకి అది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "నా పన్ను డబ్బాలో దాచుకున్నా. అది లేకుండా దూకితే ఎలా వస్తుంది? అందుకని పట్టుకున్నా."

తల్లి గోడ వైపు తిరిగింది. నాకు చెప్పొచ్చుగా అని అటు తిరిగే అంది.

"నువ్వు డబ్బా కొననన్నావుగా," అంది బొంగరం. "ఉన్న పొడి కొంచెమే. అయిపోతే మళ్ళీ దూకడానికి ఉండదు."

ఆరేళ్ళ బుర్ర ఎంత తిన్నగా లెక్క వేసుకుందో, ఆ లెక్క ఎక్కడ దాకా తీసుకెళ్ళిందో. ఆ ప్రకటన ఆమె కూడా చూసింది. పనికట్టుకుని చూసింది. దూకడం చూసింది, గ్లాసు చూసింది, పాట వింది. పళ్ళు చూడలేదు.

అప్పుడే కత్తెర వచ్చాడు. చేతిలో ఫోన్, దాంట్లో రికార్డింగ్ అప్పటికే మొదలుపెట్టి ఉన్నాడు. పిల్ల మాటలు తను కూడా నమోదు చేసుకోవాలనీ, తల్లి బయట ఉంటే మంచిదనీ అన్నాడు. తల్లి కదలలేదు. డిటెక్టివ్ లేచి, దంతవైద్యురాలి కాగితం ఆయన కళ్ళ ముందు పట్టుకుంది.

"ఇది చదవండి. కళ్ళజోడు పెట్టుకునే చదవండి."

ఆయన చదివాడు. మొహంలో ఏమీ కదలలేదు. పన్ను దానంతట అదే ఊడితే ఊడిందనీ, తల్లి బాధ్యత అంతమాత్రాన పోదనీ, మేడ తలుపు తీసి ఉంచింది కంపెనీ కాదు కదా అనీ మొదలుపెట్టాడు. చెట్టు కొమ్మ నరికితే ఇంకో కొమ్మ మీదికి దూకే రకం. ఆయన మాట పూర్తి కాకుండానే కార్టూన్ ఆగింది. వార్డంతా ఒక్కసారిగా కదిలింది. గెంతో పాట.

"ఇప్పుడు చూడు," అంది బొంగరం, డిటెక్టివ్ చెయ్యి పట్టుకుని లాగుతూ.

తెర మీద పసుపు చొక్కా కుర్రాడు గ్లాసెత్తి గటగటా తాగాడు. మూతి మీద పాల మీసం. గ్లాసుని గోడ మీద బోర్లించాడు. గెంతో అని నోరు బార్లా తెరిచి అరిచాడు.

"లేదు," అంది బొంగరం.

నిజమే. పై వరసలో ముందుపళ్ళు రెండూ లేవు. రెప్ప వేసేంత సేపు, అంతే. కుర్రాడు చేతులు చాచి దూకాడు. ఆకాశం. గాలికి ఎగిరే పసుపు చొక్కా. గడ్డి మీద రెండు కాళ్ళు. చుట్టూ మూగిన పిల్లల మధ్య కుర్రాడు తల ఎత్తి నవ్వాడు. సరిగ్గా ఆ నవ్వు పక్కకే గెంతో డబ్బా గిరగిరా తిరుగుతూ వచ్చింది. పెద్దవాళ్ళ చూపు డబ్బా మీదికి పోతుంది.

"ఇప్పుడు ఉంది," అంది బొంగరం.

తెల్లగా, వరసగా, ఒక్కటి కూడా తగ్గకుండా పళ్ళన్నీ ఉన్నాయి.

డిటెక్టివ్ తన ఫోన్‌లో అదే ప్రకటన వెతికి పెట్టింది. అరిచే మొహం దగ్గర ఆపింది. తర్వాత నవ్వే మొహం దగ్గర ఆపింది. మళ్ళీ వెనక్కి. ఒకటే చొక్కా, ఒకటే పాపిడి, ఒకటే పాల మీసం. కానీ అరిచే కుర్రాడి చెవులు చేటల్లా బయటికి పొడుచుకుని ఉన్నాయి. నవ్వే కుర్రాడి చెవులు తలకి అతుక్కుని ఉన్నాయి. ఎక్కినవాడు ఒకడు. దిగినవాడు ఇంకొకడు.

ఒకే పిల్లవాడి చేత రెండూ తీయించకుండా, మధ్యలో పిల్లవాణ్ణి ఎందుకు మారుస్తారు? పోలికలు వెతికి, అదే చొక్కా తొడిగి, అంత శ్రమ ఎందుకు పడతారు? ఆమెకి తోచింది ఒక్కటే కారణం. మొదటివాడు నవ్వుతూ నిలబడే స్థితిలో లేకపోతేనే.

ఆమె తల ఎత్తి కత్తెరని చూసింది. ఆయన అప్పటికే ఆమెని చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మొహాన నవ్వు లేదు.

"మొదటి కుర్రాడు ఏమయ్యాడు సార్?"

"నాకేం తెలుసు? నేను తీశానా ప్రకటన?"

"మీకు తెలియకపోతే ఆశ్చర్యపోవాలి కదా. మీరు ఆశ్చర్యపోలేదు."

ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. పిల్ల మాటలు రికార్డు చేసుకోవడానికి వచ్చినవాడు ఒక్క ముక్క అడగకుండా వెళ్ళిపోయాడు.

డిటెక్టివ్ బ్యాగ్ భుజాన వేసుకుంది. ప్రకటన తీసిన సంస్థ ఆఫీసు ఎక్కడో కనుక్కోవాలి, కెమెరా మనిషినో మేకప్ మనిషినో పట్టుకోవాలి, కత్తెర ఫోన్ వాళ్ళకి చేరేలోగా తను చేరాలి. ఆ మాటే తల్లితో గబగబా చెబుతోంది. ఆ పసుపు చొక్కా కుర్రాడు ఎవరో, ఏ ఊళ్ళో ఉన్నాడో ముందు తెలియాలని.

"గెంతో అన్నయ్యా?" అంది బొంగరం. "పైన ఉన్నాడుగా."

ఇద్దరు ఆడవాళ్ళూ ఆ పిల్ల వైపు తిరిగారు.

"ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు కదా నన్ను. లిఫ్ట్ పైకి వెళ్ళిపోయి తలుపు తెరుచుకుంది. అన్నయ్య చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పళ్ళు సగం సగం వచ్చాయి. నేను చెయ్యి ఊపితే తనూ ఊపాడు." తర్వాత కొంచెం దిగులుగా అంది. "వెంటనే రావేమో. మెల్లిగా వస్తాయేమో."

"నువ్వు చూసింది ఆ అబ్బాయినేనా? బాగా గుర్తుందా?"

"చెవులు," అంది బొంగరం, తన చెవులు రెండూ వేళ్ళతో ముందుకి వంచి చూపించి.

*

లిఫ్ట్ పైనే ఆగి ఉంది. ఎంత నొక్కినా దిగలేదు. డిటెక్టివ్ మెట్ల మీద పరిగెత్తింది. ఊపిరి ఛాతీలో ముళ్ళలా గుచ్చుకుంది. కింద వార్డులో ఉన్న అరుపులు, టీవీ పాటలు ఒక్కో అంతస్తుకీ తగ్గుతూ వచ్చి, ఆఖరి అంతస్తులో అసలు లేవు. అక్కడ అన్నీ విడి గదులు. నేల అద్దంలా ఉంది. లిఫ్ట్ తలుపులకి అడ్డంగా ఎవరో కుర్చీ పెట్టి దాన్ని ఆపి ఉంచారు.

నడవా చివర ఒక గది తలుపు తెరిచి ఉంది. గోడ మీద టీవీ బిగించే ఇనప చట్రం ఉంది, టీవీ లేదు. ఇద్దరు ఆసుపత్రి మనుషులు మంచం మీంచి స్ట్రెచర్ మీదికి ఒక పిల్లవాణ్ణి మారుస్తున్నారు. ఒక ఆడమనిషి, పిల్లవాడి తల్లి కాబోలు, ఎవరి మొహమూ చూడకుండా సంచిలో బట్టలు కుక్కుతోంది. కత్తెర గుమ్మంలో నిలబడి త్వరగా కానివ్వమంటున్నాడు. ఆసుపత్రి ఒప్పుకుంది, తల్లి ఒప్పుకుంది, ఇంకా ఆలస్యమేమిటని.

డిటెక్టివ్ ఆయన పక్కనుంచి దూరి లోపలికి వెళ్ళి స్ట్రెచర్ కడ్డీ పట్టుకుంది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"వేరే ఆసుపత్రికి. ఇంకా మంచి వైద్యానికి."

"ఏ ఆసుపత్రి?"

"అది నీకు అనవసరం. చెయ్యి తియ్యి."

"పేరు చెప్పండి, తీస్తాను."

ఆయన పేరు చెప్పలేదు. దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి, ఈ కుటుంబానికి జన్మంతా కూర్చుని తినేంత ఏర్పాటు జరిగిందనీ, ఆమె ఇప్పుడు గొడవ చేస్తే అది కూడా పోతుందనీ, ఆ పాపం ఎవరిదో ఆలోచించుకోమనీ అన్నాడు. అంత ఓర్పుగా, అంత నచ్చజెబుతున్నట్టు అన్నాడు. ఆ గొంతుకి ఒకప్పుడు తను కూడా తల ఊపేదని ఆమెకి తెలుసు. కడ్డీ మీద వేళ్ళు ఇంకా బిగిశాయి.

పిల్లవాడు తల తిప్పాడు. చేటల్లాంటి చెవులు. సగం సగం వచ్చిన ముందుపళ్ళు. నడుము దాకా దుప్పటి ఉంది. మనుషులు అటూ ఇటూ లాగుతున్నా దుప్పటి కింద కాళ్ళలో ఏ కదలికా లేదు. ఆ పిల్లవాడు ఆమెనీ, కత్తెరనీ, మళ్ళీ ఆమెనీ చూశాడు. పెద్దవాళ్ళు పోట్లాడుకుంటుంటే మధ్యలో సర్దిచెప్పే పిల్లల మొహం అది.

"షూటింగ్‌కేనా ఆంటీ?" అన్నాడు.

డిటెక్టివ్ కడ్డీ వదలకుండా వాడి వైపు వంగింది.

"మళ్ళీ తీస్తారా? నేను దూకుతాను. ఈసారి కింద వల తీసేసినా ఏడవను."

తల్లి చేతుల్లో బట్టలు ఆగిపోయాయి. ఆ వల మాట ఆమెకి ఎవరూ చెప్పలేదని ఆ మొహమే చెబుతోంది. వల ఉందనీ, పిల్లవాడే తప్పుగా దూకాడనీ చెప్పి ఉంటారు. ఆమె కత్తెర వైపు చూసింది. ఆయన మొదటిసారి చూపు తిప్పుకున్నాడు.

ఆమె సంచి వదిలేసి మంచం చుట్టూ తిరిగి వచ్చింది. స్ట్రెచర్‌కి అవతలి వైపు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని, ఒక్క మాటే అంది.

"తీసుకెళ్ళనివ్వను."

ఆసుపత్రి మనుషులు వెనక్కి తగ్గారు. కత్తెర ఒక్క క్షణం అలాగే నిలబడి, నిదానంగా గది తలుపు లోపలినుంచి మూసి, గడియ పెట్టాడు. ఫోన్ తీశాడు.

"గేటు దగ్గర ఉన్న మనవాళ్ళందరినీ పైకి పంపించు," అన్నాడు. "లిఫ్ట్ వద్దు. మెట్ల మీంచి."